పాత బండికి కొత్త పార్టులు వేయించాలా, కొత్త బండే కొనాలా? తేల్చుకోవడం ఎలా, చేయించడం ఎలా

పశువుల పాకలోనో, కొబ్బరి డొక్కల గుట్ట పక్కనో టార్పాలిన్ కప్పి నిలబెట్టిన పాత బండి మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో కనబడుతుంది. ఆర్‌ఎక్స్ 100 కావచ్చు, ఎజ్డీ కావచ్చు, గేరు కుడి కాలికి ఉండే బుల్లెట్ కావచ్చు. నాన్నగారో మావయ్యగారో నడిపిన బండి, అమ్మడానికి మనసొప్పదు, పోనీ తీసి నడుపుదామంటే బ్రేకు పడదు, లైటు కిరసనాయిలు బుడ్డిలా వెలుగుతుంది. అప్పుడు ఫోన్లో వీడియోలు చూస్తాం. డిస్క్ బ్రేకు, ఎల్‌ఈడీ లైటు, లావు టైర్లు, ముందు చక్రాన్ని పట్టుకునే కొత్త ఫోర్కులు వేసిన పాత బళ్ళు మెరిసిపోతూ ఉంటాయి, మనమూ చేయిద్దాం అనిపిస్తుంది. ఇంట్లో వాళ్ళేమో ఆ డబ్బుకి కొత్త బండే వస్తుంది కదా అంటారు. ఇద్దరి మాటా నిజమే. మీ బండి విషయంలో ఏది నిజమో ఎలా తేల్చుకోవాలి, బాగుచేయించాలనుకుంటే ఏ వరసలో చేయించాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. మా నాన్నగారి 1991 ఆర్‌ఎక్స్ 100ని నేను రెండుసార్లు విప్పించాను. మొదటిసారి వరస తప్పింది, డబ్బు పోయింది, దెబ్బలూ తగిలాయి. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా చెప్తున్నాను.

మొట్టమొదట, బండికి మీరు ఏ పని చెప్తున్నారో నిజాయితీగా చెప్పుకోండి. రోజూ అమలాపురం నుంచి కాకినాడకి 216 హైవే మీద లారీల మధ్య డ్యూటీకి వెళ్ళిరావాలి, వెనక భార్యో పిల్లలో ఉంటారు అంటే ఇంక ఆలోచన పెట్టుకోవద్దు, కొత్త బండి కొనండి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ, గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి, అంతకన్నా చిన్న బళ్ళకి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉండాలి. పాత బండికి మీరు ఎంత ఖర్చుపెట్టినా ఆ ఏబీఎస్ రాదు. దానికి చక్రాల దగ్గర సెన్సర్లు, కంప్యూటర్, హైడ్రాలిక్ యూనిట్ అన్నీ బండిని తయారుచేసినప్పుడే లెక్క చూసి పెడతారు, మన ఊరి షెడ్డులో అయ్యే పని కాదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా లక్ష ధర ఉన్న బండి మీద పదివేలు మిగిలినట్టే. పాత బండికి డిస్కూ ఫోర్కులూ మార్పించే ఖర్చు వేసుకుంటే ఆ పదివేలు చిన్న మొత్తం కాదు.

అదే, ఆదివారం చేలోకి, చెరువు గట్టు మీదకి, పక్క ఊళ్ళో పెళ్ళికి, సాయంత్రం కాలవ గట్టు మీద అలా ఒక పది కిలోమీటర్లు అంటే పాత బండి హాయిగా చేస్తుంది. నా మాట అడిగితే, స్తోమత ఉన్నవాళ్ళు రోజువారీ పనికి చిన్న కొత్త బండి ఒకటి పెట్టుకుని, పాతదాన్ని తొందర లేకుండా ఏడాది పాటు కొంచెం కొంచెంగా బాగుచేయించుకోవడం అన్నిటికన్నా మంచిది. రేపు పొద్దున్న డ్యూటీకి వెళ్ళాలి అన్న టెన్షన్ ఉన్నప్పుడు పాత బండి పని ఎప్పుడూ సరిగ్గా జరగదు, మెకానిక్ ఏదో ఒకటి కట్టి పంపించేస్తాడు.

పని తేలాక కాగితాలు. ఒక్క బోల్టు కూడా విప్పకముందే చూడాల్సింది ఇదే. ఆర్సీ మొదటి పదిహేనేళ్ళకి ఉంటుంది, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి ఫారం 25. 2025 ఆగస్టులో పెంచిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్ళు దాటిన మోటార్ సైకిల్‌కి రెన్యువల్ ఫీజు 2,000 రూపాయలు. ఆలస్యమైతే దాని మీద ఇంకా పడుతుంది. బండి నాన్నగారి పేరు మీద ఉండి, ఆయన కాలం చేసి ఉంటే ఫారం 31తో ముందు మీ పేరు మీదకి మార్పించుకోండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవీ బండి మీద ఉన్నవీ ఒకటేనో కాదో టార్చి వేసి మీరే స్వయంగా చదవండి. ఏనాడో ఎవరో ఇంజిన్ మార్చేసి ఉంటారు, ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కాగితాలు తేలని బండి మీద ఒక్క రూపాయి పెట్టొద్దు, అది ఎంత అందంగా తయారైనా రోడ్డు మీదకి తేలేరు.

కాగితాల తర్వాత చట్టం. ఇది చాలామంది పట్టించుకోరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో ఇలాంటి మార్పుకి, ఒక్కొక్క మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ లేదా రెండూ అని పెట్టారు. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించాల్సిందే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట వెతికేది ఈ మార్పుల్నే.

అందుకని నేను పెట్టుకున్న కొలత ఒకటి చెప్తాను. రేంచీతో విప్పి, మళ్ళీ రేంచీతో పాతది బిగించగలిగే పార్టయితే వేయించండి. దానికోసం ఫ్రేము కొయ్యాలి, వెల్డింగ్ పెట్టాలి, ఫోర్కుని హ్యాండిల్‌కి కలిపే కాడని లేతు మీద తిప్పించాలి అంటే అక్కడే ఆగిపోండి. అంత పని అవసరమైతే మీకు కావల్సింది కొత్త బండి, ఈ పాతది కాదు. విప్పిన పాత పార్టులు ఏవీ పాత ఇనుము వాడికి వేయొద్దు, గ్రీజు రాసి, గోనెసంచిలో మూటకట్టి, చీటీ రాసి అటక మీద పెట్టండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ కింద ప్రత్యేకంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మైసూరులో తయారైన పాత జావాలకి ఆ వయసు ఇప్పటికే వచ్చేసింది. కోసేసిన బండికి ఆ అవకాశం ఉండదు.

ఇప్పుడు ఇంజిన్ చూపించండి. బాగుచేయించడానికి కాదు, పరీక్షకి మాత్రమే. ఆర్‌ఎక్స్, ఎజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండి ఏళ్ళ తరబడి నిలబడిపోతే ముందు పాడయ్యేవి ఇంజిన్ లోపల క్రాంక్ ఇరుసుకి గాలి చొరబడకుండా వేసే క్రాంక్ సీళ్ళు. రబ్బరు ఎండి గట్టిపడుతుంది, అక్కడినుంచి గాలి పీల్చుకుంటుంది, పెట్రోలు వంతు తగ్గి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. బండి స్టార్ట్ అయింది కదా అని సంబరపడి అలాగే కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళినవాళ్ళు తోసుకుంటూ ఇంటికి వస్తారు. సీళ్ళు ఖరీదైనవి కావు, చూడకుండానే మార్పించేయండి. తర్వాత పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్. ఇంజిన్ పక్కన తిరిగే మాగ్నెట్ మూత తీసి, పిస్టన్ పైకి తెచ్చి, మాగ్నెట్‌ని కొంచెం అటూ ఇటూ కదిపితే కింద టక్కుమని లూజు తెలుస్తుంది. లూజు ఉంటే క్రాంక్ పని ఉన్నట్టే, ఖర్చు అక్కడ పెరుగుతుంది. పిస్టన్ ఆడే బోరు అరిగితే రీబోర్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేస్తారు, 0.25, 0.50 మిల్లీమీటర్లు ఇలా వెళుతుంది. ఇప్పటికే చివరి సైజు దాకా వెళ్ళిపోయిన బ్లాకు అయితే లైనర్ మార్చాలి. పిస్టన్ నెత్తి మీద ఆ సైజు అంకె గుద్ది ఉంటుంది, మెకానిక్‌ని అడిగి మీ కళ్ళతో చూడండి. ఆర్‌ఎక్స్‌కీ బుల్లెట్‌కీ సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఎజ్డీకి వెతుక్కోవాలి. రాజ్‌దూత్ 350 అయితే ముందు పార్టులు చేతికొచ్చాకే విప్పండి, లేకపోతే ఆ బండి తట్టల్లోనే మిగిలిపోతుంది.

ఈ పరీక్ష అయ్యాక కాగితం మీద రెండు వరసలు రాయండి. బండి ఆగడానికి, కనబడ్డానికి, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టి నడవడానికి కావల్సినవి ఒక వరస. చూడ్డానికి కావల్సినవి ఇంకో వరస. మొదటి వరస ఖర్చే కొత్త బండి ధరలో సగం దాటిపోతుంటే, నాన్నగారి జ్ఞాపకం అన్న మాట లేకపోతే నేనయితే కొత్తదే కొంటాను. జ్ఞాపకం ఉంటే లెక్క వేరు, దానికి నేను అడ్డు చెప్పను.

బాగుచేయించాలనే తేల్చుకున్నారా? అయితే మన దగ్గర పని మొదలుపెట్టాల్సింది ఉప్పు నుంచి, ఇంజిన్ నుంచి కాదు. సముద్రపు గాలి, రొయ్యల చెరువుల తేమ, వర్షాకాలం కాలవ నీళ్ళు, ఇవన్నీ కలిసి ఇనుముని లోపలినుంచి తినేస్తాయి. సీటు కింద, బ్యాటరీ పెట్టె అడుగున, వెనక మడ్‌గార్డు ఫ్రేముకి తగిలే చోట, చక్రం పుల్లలు రిమ్ములోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. పెచ్చు ఊడితే సరే, లోపలికి దిగబడితే ఆ ఫ్రేము మీద ఆశ వదులుకోండి. ఫ్రేము బాగుంటే ఇసుక కొట్టించి పౌడర్ కోటింగ్ వేయించొచ్చు, మామూలు పెయింటు కన్నా మన గాలికి అదే నిలబడుతుంది.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. మా ఫ్రేముని కోటింగ్‌కి ఇచ్చినప్పుడు ఛాసిస్ నంబరు ఉన్న చోట టేపు వేయమని నేను చెప్పలేదు, వాళ్ళూ వేయలేదు. ఇసుక దెబ్బకి అంకెల అంచులు మెత్తబడ్డాయి, దాని మీద మందంగా కోటింగ్ పడి పూడిపోయాయి. రెన్యువల్‌కి తీసుకెళ్తే కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే నల్లటి మరక వచ్చింది గానీ అంకెలు రాలేదు. ఇంటికొచ్చి పెయింట్ రిమూవర్ రాసి, బ్రష్షుతో గంటన్నర సేపు ఒక్కొక్క అంకె బయటికి తీశాను. చివరి 3 అంకె 8లా కనబడుతుంటే గుండె జారిపోయింది. బండి ఇచ్చే ముందే ఆ నంబరు మీద గ్రీజు రాసి మందపాటి టేపు రెండు పొరలు వేయండి, ఫోటో తీసుకోండి, పెన్సిల్ అచ్చు ఒకటి ఇంట్లో దాచుకోండి.

ఫ్రేము వచ్చాక వైరింగ్. పాత వైరింగ్‌కి అతుకులు వేయకండి, మొత్తం హార్నెస్ కొత్తది వేయించండి. ప్రతి కనెక్టర్‌లో కొంచెం వాజెలిన్ పెట్టించండి, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టకుండా అదే కాపాడుతుంది. ఎర్త్ వైరు తగిలే చోట పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాలి. కోటింగ్ మీదే బిగించేసి లైటు వెలగట్లేదని తిరిగేవాళ్ళు ఎంతమందో.

లైటు దగ్గర తొందరపడకండి. ఆర్‌ఎక్స్‌లో హెడ్‌లైటుకి కరెంటు మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీగా నేరుగా వస్తుంది. దానికి ఎల్‌ఈడీ బల్బు పెడితే స్లోలో మిణుకుమిణుకుమంటుంది, కొన్నాళ్ళకి మాడిపోతుంది. సరిగ్గా చేయాలంటే కాయిల్ ఎర్త్ కొసని విప్పి వేరుగా తేవాలి, ఏసీని డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెగ్యులేటర్ రెక్టిఫయర్ పెట్టాలి, లైటుని బ్యాటరీ మీదకి తేవాలి. ఇది తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఆరు వోల్టుల పాత ఎజ్డీనో బుల్లెట్‌నో పన్నెండుకి మార్చేటప్పుడు బల్బులు, హారన్, ఫ్లాషర్, బ్యాటరీ అన్నీ మారతాయి, ఒక్కటి మిగిల్చినా అది కాలిపోతుంది. ఇంకో మాట, ఫిలమెంట్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్ గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడాల్సింది చెదిరి ఎదుటివాడి కళ్ళల్లో పడుతుంది. పుష్యమాసపు మంచులో కాలవ గట్టు మీద అది మీకూ ప్రమాదమే, వాడికీ ప్రమాదమే. మంచి హాలోజన్, కొత్త గిన్నె, కొత్త అద్దం వేస్తే చాలా బళ్ళకి సరిపోతుంది. ప్లగ్‌కి నిప్పురవ్వ పంపడానికి పాత రకం కాంటాక్ట్ పాయింట్లున్న బండికి మాత్రం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు తప్పక పెట్టించండి, పెట్టిన ప్రతి రూపాయికీ పనికొచ్చే మార్పు అది. పాత పాయింట్ల ప్లేటు అటక మీదకి.

బ్రేకు దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి. మొదటిసారి నేను వేరే బండి ఫోర్కులు తెచ్చి డిస్కు పెట్టించాను. కాడ సరిపోక లేతు మీద తిప్పి ఎక్కించారు. రోడ్డు మీద వేలితో నొక్కితే ఆగేది, ఎంత సంతోషపడ్డానో. నరసాపురం నుంచి పంటు (రేవు దాటించే బల్లకట్టు) మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతున్నాం, వెనక మా అమ్మాయి ఉంది, వాన పడి ఇనుప ర్యాంపు తడిగా ఉంది. ముందు మనిషి ఆగేసరికి అలవాటుగా బ్రేకు పట్టుకున్నాను. ముందు చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి కొట్టుకుపోయింది. పిల్ల మోచెయ్యి మోకాలు గీరుకుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నూరు కిలోల తేలిక బండికి, సన్నటి టైరుకి, ఏబీఎస్ లేకుండా ఆ బ్రేకు ఎక్కువైంది. మన రోడ్ల మీద నల్లమట్టి బురద ఉంటుంది, కోతల కాలంలో గడ్డి పరిచి ఉంటుంది, అక్కడ గట్టి బ్రేకు కంటే చేతికి లొంగే బ్రేకు కావాలి.

ఆ ఫోర్కులు తీసేసి పాత డ్రమ్ము బ్రేకునే సరిగ్గా చేయించాను, ఇలా చేయండి. డ్రమ్ము లోపల గాడులు పడి ఉంటే లేతు మీద పలచగా తీయించండి. డ్రమ్ముని లోపలినుంచి ఒత్తే బ్రేకు షూలు కంపెనీవి కొత్తవి కొనండి, పాతవాటికి లైనింగ్ అతికించినవి వద్దు. డ్రమ్ము లోపల సుద్దముక్కతో రుద్ది, చక్రం బిగించి, బ్రేకు పట్టి తిప్పి, మళ్ళీ విప్పి చూడండి. షూ మీద సుద్ద ఎక్కడ అంటితే అక్కడే రాసుకుంటోందని అర్థం. ఆ ఎత్తుల్ని గరుకు కాగితంతో తీస్తూ పోతే షూ నిండా సుద్ద అంటుకునేదాకా వస్తుంది. నాకు నాలుగుసార్లు విప్పాల్సి వచ్చింది. షూలని తెరిచే క్యామ్‌కి చిటికెడు గ్రీజు, కేబులు కొత్తది. చివర్లో ఇరుసు నట్టు కొంచెం వదులు చేసి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టుకుని, పట్టుకున్నది వదలకుండానే నట్టు బిగించండి. షూలు డ్రమ్ము నడిమధ్యకి వచ్చి కూర్చుంటాయి. ఈ ఒక్క పనితో బ్రేకులో వచ్చే తేడా మీరే చూస్తారు, పైసా ఖర్చులేదు.

పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. పాత రబ్బరు పైపులు, ట్యాపు వాషర్లు, కార్బొరేటర్ లోపలి రింగులు దానికి ఉబ్బి చెడిపోతాయి, కొత్త రకం పైపు, కొత్త కిట్టు వేయించండి. ఇథనాల్ తేమని లాగుతుంది, మన గాలిలో తేమకి కొదవలేదు. సగం ఖాళీ ట్యాంకుతో బండిని నెలలు వదిలేస్తే అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. ఆపేయాల్సి వస్తే ట్యాంకు నిండా పోసి, ట్యాపు కట్టి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపించి ఆపండి. ఈ పెట్రోలుకి గాలి వంతు కొంచెం ఎక్కువైపోతుంది కాబట్టి టూ స్ట్రోక్‌లో కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది కావాల్సి రావచ్చు, అది ప్లగ్ రంగు చూసి తేల్చాలి. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి పోసే టూటీ ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉన్నది పోయండి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే కార్బొరేటర్ల జోలికి వెళ్ళొద్దు, పాతదాన్నే శుభ్రం చేయించండి.

టైర్లు కంపెనీ చెప్పిన సైజే. లావువి వేస్తే గొలుసుకి రాసుకుంటాయి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతవి సంవత్సరం, కొట్టువాడు పాత సరుకు అంటగట్టకుండా అది చూసి కొనండి.

వరద సంగతి కూడా చెప్పాలి. 2022 జూలైలోలా లంకల్లోకి నీళ్ళొచ్చి సైలెన్సర్ దాకా మునిగితే, తగ్గాక బండిని కిక్ కొట్టొద్దు. ప్లగ్ విప్పి, గేరు ఆయిల్ దింపి చూడండి, పాలు పోసిన టీలా ఉంటే నీళ్ళు చేరాయి. కడిగి, ఆరబెట్టి, కొత్త ఆయిల్ పోశాకే స్టార్ట్ చేయాలి. ఈ పని పాత బండికి ఇంట్లో చేసుకోవచ్చు, కొత్త ఇంజెక్షన్ బండి అయితే తాళం కూడా తిప్పకుండా షోరూముకి ఫోన్ చేయండి.

బండి తయారయ్యాక మొదటి అయిదువందల కిలోమీటర్లు నలభై దాటించకండి, ఒకే స్పీడులో ఎక్కువసేపు పోనివ్వకండి, వెనక ఎవర్నీ ఎక్కించకండి. నూరు కిలోమీటర్లకోసారి హెడ్డు నట్లు, చక్రం పుల్లలు, ఇంజిన్ బోల్టులు చూసుకోండి, కొత్తగా బిగించినవన్నీ ఒకసారి వదులవుతాయి. అయిదువందలు నిండాక గేరు ఆయిల్ మార్చి ప్లగ్ విప్పండి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, నల్లగా జిడ్డుగా ఉంటే ఎక్కువవుతోంది, బిస్కెట్ రంగు వచ్చేదాకా జెట్ సరిచూసుకోవాలి. మా బండికి ఆ రంగు మూడోసారికి వచ్చింది. మా అమ్మాయిని మళ్ళీ వెనక ఎక్కించుకుని అంతర్వేది తీసుకెళ్ళింది ఆ తర్వాతే.